వేట పడని నాటి వాటాలు

నా చేతుల సంగతితో మొదలుపెడతాను. రొయ్య ఒలిచే ఆడవాళ్ళ చేతులు ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. పొద్దున ఐసు నీళ్ళలో పెట్టిన వేళ్ళు, సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నా ఒక పట్టాన వేడెక్కవు. మా మనవరాలు పసిదిగా ఉన్నప్పుడు నేను ఎత్తుకోబోతే ముడుచుకుపోయేది. ఎండాకాలం వస్తే మాత్రం తానే వచ్చి నా అరచేతులు రెండూ తీసుకుని బుగ్గలకు ఆనించుకునేది. ఈ చేతులతోనే ఇల్లు నిలబెట్టాను. యాభై దాటాక ఈ చేతులతోనే అక్షరాలు దిద్దాను.

అక్షరాలు నేర్పింది మా కోడలు. కానీ వాటి మీద ఆశ పుట్టింది మాత్రం కంపెనీలోనే. లోపలికి పోయే ముందు చేతులు కడుక్కునే చోట గోడకు ఒక బోర్డు ఉండేది. రోజూ దాని ముందు నిలబడి మోచేతుల దాకా సబ్బు రుద్దుకునేదాన్ని. అందులో ఏముందో తెలియకుండా ఎన్నేళ్ళు నిలబడ్డానో! ఒకరోజు ఆ గీతల్ని అట్టముక్క మీద చూసి గీసుకుపోయి, కోడలితో చదివించి, పలక మీద రాయించుకుని, మర్నాడు పోయి చూసుకున్నాను. 'చేతులు శుభ్రంగా కడుక్కోండి.' అంతే. అంత చిన్న మాట. అయినా ఆరోజు నన్నెవరో పేరు పెట్టి పిలిచినట్టే అనిపించింది. ఇప్పుడు రాస్తున్న ఈ నాలుగు పేజీల్లో ఒత్తులు, దీర్ఘాలు కోడలు సరిచేసింది. మాటలు నావి.

మా కంపెనీ ఇందుకూరుపేట దాటాక, మైపాడు రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. చెరువుల్లో పెంచిన రొయ్యను ఐసు పెట్టెల్లో తెస్తారు. మేము తల తీసి, పెంకు ఒలిచి, వీపు మీది నల్ల నరం లాగి ఇస్తే, దాన్ని గడ్డకట్టించి ఓడల మీద దూరదేశాలకు పంపుతారు. పొడవాటి స్టీలు టేబులు, ఇటు ఆరుగురు, అటు ఆరుగురు. టేబులు మధ్యలో రొయ్యల కుప్ప. ఎవరి బేసిన్ వాళ్ళది. ఒలిచింది తూకం వేయిస్తే, కిలో లెక్కన కూలి. ఆ టేబులుకు నేను లీడర్ని. ఐసు తగ్గకుండా చూడడం, పెంకు ముక్క మిగిలిపోకుండా చూడడం, సూపర్‌వైజరు తిట్లు అందరి తరఫునా నేనొక్కదాన్నే తినడం నా పని. అందుకు జీతంలో కొంచెం ఎక్కువ కలిపేవాళ్ళు.

మా టేబులు గురించి చెప్పేటప్పుడు ఇద్దరిని తప్పకుండా చెప్పాలి. ఒకామె అవ్వ. అందరిలో పెద్దది, మా ఊరిదే, వేటకు పోయేవాళ్ళ ఇంటి మనిషి. ఆమె ఒలిచిన రొయ్య చూస్తే అద్దంలా ఉండేది, కానీ చెయ్యి నిదానం. లోపల ఆకువక్క నమలనివ్వరు కాబట్టి సాయంత్రం వ్యాన్ ఎక్కీ ఎక్కగానే నడుముకున్న సంచి విప్పేది. "నా ఆకు, నా వక్క, నా కూలి" అనేది మొదటి ముద్ద బుగ్గన పెట్టుకుంటూ. రోజూ అదే మాట. ఆ మాట అనడానికే ఆమె పనికి వచ్చేదేమో అనిపించేది నాకు.

రెండో మనిషి, మేమంతా నాయుడుపేట పిల్ల అని పిలిచే అమ్మాయి. ఆ పక్క పల్లెల్లో వరి నాట్లు వేస్తూ పెరిగి, మా సముద్రం ఒడ్డుకు కోడలిగా వచ్చింది. వచ్చిన కొత్తలో రొయ్య వాసనకు ముక్కు మూసుకుని బయటికి పరిగెత్తేది. ఏడాది తిరిగేసరికి కంపెనీ మొత్తంలో ఆమె అంత జోరు చెయ్యి ఇంకొకటి లేదు. నోరు కూడా చేతికి తగినట్టే. ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. ఆమె ఒలిచే ప్రతి కిలో వెనకా ఆ పిల్లల బడి ఉంది.

ఆ ఏడు అమెరికా వాళ్ళు మన రొయ్య మీద పన్ను బాగా పెంచారు. టీవీలో రోజూ అదే చెప్పేవాళ్ళు. ఎక్కడో పన్ను వేస్తే మైపాడు దాకా ఎలా వస్తుందో నాకు మొదట అర్థం కాలేదు. ఐసు పెట్టెలు తగ్గినప్పుడు అర్థమైంది. అంతకుముందు పొద్దున్నే గేటు బయట లారీలు వరసగా ఆగి ఉండేవి. ఇప్పుడు ఒకటో రెండో. టేబులు మీద కుప్ప మధ్యాహ్నానికే అయిపోయేది. మిగిలిన పొద్దంతా గ్లౌజులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాళ్ళం. పని చేసేటప్పుడు తెలియని చలి అలా కూర్చున్నప్పుడే తెలిసేది.

ఒకరోజు మేనేజరు టేబుల్ లీడర్లందరినీ క్యాంటీన్‌కు పిలిచాడు. చిన్న వయసు వాడు, చెడ్డవాడు కాదు. కానీ చెప్పేది తనకే ఇష్టం లేనప్పుడు కూర్చోకుండా మాట్లాడతాడు. ఆరోజు నిలబడే ఉన్నాడు.

"ఆర్డర్లు సగం కూడా లేవమ్మా. కిలో రేటైనా తగ్గించాలి, మనుషుల్నైనా తగ్గించాలి. పన్నెండు మందికి వ్యాను, గ్లౌజులు, టీ, ఇవన్నీ ఇప్పుడు పెట్టలేం. రేటు తగ్గించుకుంటారా సరే. లేదంటే టేబులుకి ఆరుగురు చాలు. జోరు చెయ్యి ఉన్నోళ్ళని ఉంచుకోండి. ఏదో ఒకటి మీరే తేల్చి చెప్పండి."

పక్క టేబులు ఆమె అడిగింది: "ఇప్పుడు తగ్గించినారనుకోండి సార్, మళ్ళా వ్యాపారం వస్తే పెంచుతారా?"

"చూద్దాం" అన్నాడు.

ఆ చూద్దాం మాకు కొత్త కాదు. కొన్నేళ్ళ కిందట చెరువుల్లో రొయ్యకు తెల్లమచ్చ తెగులు వచ్చినప్పుడు, నాలుగు రోజులకని చెప్పి రేటు తగ్గించారు. తెగులు పోయింది, చెరువులు నిండాయి, లారీలు వచ్చాయి. రేటు మాత్రం రాలేదు. అడిగిన ప్రతిసారీ చూద్దామే. మళ్ళీ పాత రేటు చూసేసరికి మాలో కొందరికి మనవలు పుట్టారు.

ఇక రెండో దారి. ఆరుగురిని తీసెయ్యడం. మొదట ఎవరు పోతారో ఎవరూ చెప్పక్కర్లేదు. నేను బయటికి వచ్చేసరికి అవ్వ తన బేసిన్ కడిగి బోర్లించి, దాని పక్కనే నిలబడి ఉంది.  

సాయంత్రం వ్యాన్‌లో విషయం చెప్పాను.

"ఎవుర్ని తీసేస్తావక్కా? ఈడే చెప్పేసెయ్, ఇంటికి పోయి నిద్రపోతాం" అంది నాయుడుపేట పిల్ల.

"ఎవుర్నీ తియ్యను."

"అంటే రేటు కోయించుకుంటావా?"

"అదీ లేదు."

"అబ్బో! ఇంగ కంపెనీని మనమే కొనేస్తామా ఏంది?"

వ్యాన్ అంతా నవ్వింది. డ్రైవరు కూడా నవ్వాడు. అవ్వ సంచి విప్పింది, కానీ ఆకు తీయలేదు.

"నా గురించి మీరేం మొహమాటపడబాకండి" అంది. "తీసెయ్యాలంటే నన్నే ముందు తీసెయ్యండి. కానీ పాపం ముసలిది అని ఉంచినారంటే మాత్రం నేను రాను. మీ పాపం నాకొద్దు."

అప్పుడు నేను మా నాయన పడవ గురించి చెప్పాను. చిన్నప్పటి నుంచి కళ్ళతో చూసిందే గాని, అంతకుముందు ఎవరికీ కథలాగా చెప్పలేదు.

మా నాయనకు ఒక పడవ ఉండేది. వేట నుంచి రాగానే చేపను ఇసకలో పోసి వాటాలు వేసేవాళ్ళు. పడవకు ఒక వాటా, వలకు ఒక వాటా, మిగిలింది ఎక్కిన మనుషులకు. పడవ వాటా, వల వాటా మా నాయనవే. వేట బాగా పడిన రోజు ఎవరూ ఎవరి కుప్ప వంకా చూసేవాళ్ళు కాదు. పడని రోజే అందరి కళ్ళూ ఇసక మీద ఉండేవి. అలాంటి రోజు మా నాయన మోకాళ్ళ మీద కూర్చుని, పడవ కుప్పను అరచేత్తో మిగతా కుప్పల్లోకి నెట్టేసేవాడు. "ఈ పూట పడవ తినదు" అనేవాడు. మా అమ్మ తట్ట చంకన పెట్టుకుని అక్కడే దెబ్బలాడేది. "పడవ తినదు సరే, రేపు దానికి తారు ఎవురు పూస్తారు? నీ అబ్బ పూస్తాడా?" అని. "రేపు ఎక్కే మనిషే లేకపోతే, తారు పూసి ఇంటి ముందు తిరగేసుకుంటామా?" అనేవాడు నాయన. మా అమ్మ తట్ట తీసుకుని విసురుగా నడిచిపోయేది. కానీ మా పడవకు మనుషులు దొరకని రోజు నేను చూడలేదు. వేట తగ్గిందని మనిషిని ఒడ్డున దించేసిన రోజూ చూడలేదు.

"అట్టాగే మనం కూడా" అన్నాను. "కుప్ప చిన్నదైంది. ఇప్పుడు ఎవరి బేసిన్ వాళ్ళు పెట్టుకుంటే జోరు చేతులే కుప్పంతా లాగేసుకుంటాయి. నిదానం చేతులోళ్ళకి ఏమీ మిగలదు. అందుకని పన్నెండు మందికీ ఒకటే టబ్బు. ఒలిచిందంతా దాంట్లోకే. వచ్చింది వాటాలేసుకుందాం. నాకు లీడర్ని అని ఇచ్చేది కూడా దాంట్లోనే కలుపుతా."

నాయుడుపేట పిల్ల కిటికీ వైపు తిరిగి కూర్చుంది. కొంచెం దూరం పోయాక ఇటు తిరిగింది.

"మా ఊళ్ళో గుత్తకి నాట్లేసేటప్పుడు మేమూ అందరం కలిసి నాటి వచ్చింది పంచుకుంటాం అక్కా. నాకు తెలవంది కాదు. కానీ చెయ్యి సాగనిదాన్ని మర్నాడు పిలవం. అది గట్టు మీదే నిలబడిపోద్ది."

"గట్టు మీద నిలబడినోళ్ళు ఏం తింటారే?" అంది అవ్వ.

"నాకేం తెలుసవ్వా, నేను మడిలో ఉండేదాన్ని గదా!"

అందరికంటే ఎక్కువగా అవ్వే నవ్వింది. నవ్వి, అప్పుడు ఆకు తీసింది.

కానీ ఆ పిల్ల వదల్లేదు. దిగే ముందు నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా, మీ నాయన కథ బాగుంది. మీ నాయన పడవ వాటా వదిలేసినాడు. మరి ఈ పడవ ఏం వదుల్తాది? మనకొచ్చే కాస్తా మనమే తుంచుకుని మనమే పంచుకుంటే ఓనరుకేం పోయింది? ఆయన్ని ఏదైనా వదలమను. ఆయన వదిల్తే నా కిలోలు నేను కలుపుతా, ఒట్టు. వదలకపోతే నా బేసిన్ నాదే."

వ్యాన్ దిగి ఇంటికి నడుస్తూ ఆ మాట మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. మా నాయన కథ నేను చెప్పానే గాని, అందులో అసలు సంగతి పట్టుకున్నది సముద్రం ఎరగని పిల్ల.

ఓనరు మా జిల్లా వాడే. లోపలి పల్లెల్లో వరి పండించే ఇంట్లో పుట్టి, ముందు రొయ్యల చెరువులు వేసి, ఆ తర్వాత కంపెనీ కట్టాడు. పొద్దున్నే వచ్చి, బూట్లు వేసుకుని, ముందు ఐసు గదిలోకి పోతాడు. ఇన్నేళ్ళలో నేను ఆయనతో నమస్కారం తప్ప మాట్లాడింది లేదు. ఆరోజు ఐసు గది ముందు నిలబడ్డాను. కొంగు భుజాల చుట్టూ బిగించుకున్నాను. చలికి అని చెప్పుకోవచ్చు గాని, కాదు.

"ఏందమ్మా?" అన్నాడు.

మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "నాతో చెప్పాల్సింది గదమ్మా!"

"చెప్పనీ" అన్నాడు ఓనరు.

చెప్పాను. మా నాయన పడవ నుంచి మొదలుపెట్టాను. ఎందుకంటే నాకు అక్కడి నుంచే చెప్పడం వచ్చు. ఆయన చేతులు వెనక కట్టుకుని విన్నాడు.

"మీ నాయన పడవ మీ నాయనదే" అన్నాడు చివరకు. "ఈ పడవ మీద బ్యాంకోళ్ళు కూడా కూర్చోనుండారు."

"బ్యాంకోళ్ళు రొయ్యలు ఒలవరు గదయ్యా."

మేనేజరు దగ్గాడు. ఓనరు నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు మిగిలిన మాటకు ధైర్యం వచ్చింది.

"రోజులు తగ్గించండయ్యా. మమ్మల్ని రోజు మార్చి రోజు రమ్మనండి. రెండు వ్యాన్లు తిరిగే చోట ఒకటే తిరుగుద్ది. కానీ రేటు ముట్టుకోబాకండి, మనిషిని తియ్యబాకండి. పని మళ్ళా వస్తే రోజులు వాటంతట అవే వస్తాయి. రేటు అట్టా కాదు. తగ్గినాక దాన్ని మేము అడిగి అడిగి తెచ్చుకోవాల. పోయిన తూరి చూసినాం గదయ్యా."

"రోజులు నీవి, తగ్గించుకున్నావు. మరి నన్నేం వదలమంటావు?"

"రేటు కొయ్యడం వదలండి. ఇంకా వ్యాన్‌కి మా జీతంలో కొంత పట్టుకుంటారే, అది కూడా."

"రేటు తగ్గించకపోతే నాకు నష్టం. వ్యాన్ డబ్బు పట్టకపోతే ఇంకో నష్టం. ఇన్ని నష్టాలకి నాకేం మిగుల్తాది?"

"మేము మిగుల్తామయ్యా. పన్నెండు మందిమీ."

ఆయన లోపలికి పోబోయి ఆగాడు. ఐసు గది తలుపు తీసి ఉంది, తెల్లటి పొగ మా కాళ్ళ దాకా వచ్చింది. తన ఇంటి సంగతి ఏదో గుర్తొచ్చినట్టు, "పైరు పోయిన ఏడు మా నాయన కౌలు అడిగేవాడు కాదు" అన్నాడు, నాతో కాదు, మేనేజరుతో. మేనేజరు తల ఊపాడు. "లెక్క చూసుకోని చెప్తా" అని ఓనరు లోపలికి పోయాడు.

రెండు రోజులకు మేనేజరు మా టేబులు దగ్గరికి వచ్చాడు. ఈసారి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. కూర్చోగానే నాకు తెలిసిపోయింది. రేటు అలాగే ఉంటుంది. ఎవరినీ తీయరు. టేబుళ్ళు రోజు మార్చి రోజు నడుస్తాయి. పని సరిగ్గా లేనన్నాళ్ళూ వ్యాన్ డబ్బు పట్టరు. ఒక్క మా టేబులుకే కాదు, అందరికీ.

నాయుడుపేట పిల్ల లేచి, తన బేసిన్ తీసుకొచ్చి టేబులు చివర టబ్బులో గుమ్మరించింది. "ఒట్టేసినాను గదా" అంది, ఎవరూ అడగకపోయినా.

ఇక్కడితో కథ అయిపోయిందనుకున్నాను. కాలేదు. మొదటి వారం తూకం చూస్తే, పన్నెండు మందిమీ కలిసి ఒలిచింది పక్క టేబులు వాళ్ళ కంటే తక్కువ వచ్చింది. మా కుప్ప మిగిలిపోతే పక్క టేబులుకు ఎత్తుకుపోయారు. కంపెనీలో అందరికంటే జోరు చెయ్యి మా దగ్గర పెట్టుకుని!

ఎక్కడ తేడా వచ్చిందో రెండో వారం కనిపెట్టాను. నాయుడుపేట పిల్ల ఒలుస్తూ ఒలుస్తూ ఆగి, మాస్కు సర్దుకునేది. మళ్ళీ ఆగి, గ్లౌజు ఊడదీసి వేలు చూసుకునేది. ఆమెను చూసి పక్కనున్నవాళ్ళు, వాళ్ళను చూసి ఎదురుగా ఉన్నవాళ్ళు. ఎవరూ పని ఎగ్గొడుతున్నామని అనుకోలేదు. నా చెమట ఇంకొకరి కుప్పలోకి పోతోందని ఒక్కొక్కరి చేతికే అనిపించింది, మనసు దాకా కూడా పోలేదు. పడవలో అలా కుదరదు. వల లాగేటప్పుడు ఒకరు చెయ్యి వదిలితే అందరికీ తెలుస్తుంది. టేబులు మీద ఎవరి చెయ్యి వాళ్ళదే.

అడిగాను. ఆ పిల్ల దాచుకోలేదు.

"కలుపుతానన్నాను, కలిపినాను. అవ్వకెంతో నాకూ అంతేనంటే ఈ చెయ్యి లేవనంటా ఉంది అక్కా. నేనేం చేసేది?"

నాకు తిట్టాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. అప్పుడు అవ్వ టబ్బు అవతల నుంచి, ఒలుస్తున్న రొయ్య మీది నుంచి చూపు ఎత్తకుండానే అంది:

"అది చెప్పేది నిజమే గదే! మీ నాయన పడవలో అందరికీ ఒకటే వాటా యాడ ఉన్నింది? చుక్కాని పట్టినోడికి వాటాన్నర. కొత్తగా వేటకొచ్చినోళ్ళకీ, వయసైపోయినోళ్ళకీ ముప్పావు. నువ్వు ఒడ్డున గవ్వలేరుకుంటా సగమే చూసినావు. మా ఆయన మీ నాయన పడవలో పదేళ్ళు చుక్కాని పట్టినాడు. ఆ అర వాటా ఇంటికి తెచ్చినప్పుడు ఎట్టా నడిచేవాడో నాకు తెలుసు. ఛాతీ ముందొచ్చేది, మనిషి తర్వాతొచ్చేవాడు."

ఆ మాటకు నాకు ఆ పెద్దాయన నడక కళ్ళ ముందు కనపడింది. నిజమే, ఇసకలో ఒక కుప్ప ఎప్పుడూ పెద్దదిగా ఉండేది. నేను పడవ వాటా నెట్టేసిన మా నాయన చెయ్యి ఒక్కటే గుర్తుపెట్టుకున్నాను. మిగిలిన కుప్పలు మరిచిపోయి అందరికీ సమానమని టేబులుకు తెచ్చాను.

"దీనికి వాటాన్నర ఇయ్యండి" అంది అవ్వ. "నాకు ముప్పావు చాలు."

"అవ్వా, నిన్ను తగ్గించమని నేనేం అనలేదే!" అంది నాయుడుపేట పిల్ల, గొంతు మార్చి.

"నువ్వనేదేంది? ముప్పావు వాటా అంటే వాటానే. పడవెక్కినోళ్ళకే ఇస్తారు అది. గట్టు మీదోళ్ళకి ఇయ్యరు."

మర్నాటి పని రోజు నుంచి అలాగే వాటాలు వేసుకున్నాం. ఆ పిల్ల మాస్కు సర్దుకోవడం మానేసింది. ఆమె చెయ్యి లేస్తే టేబులంతా లేచింది. తూకం దగ్గర మా టబ్బు పెట్టినప్పుడు పక్క టేబుళ్ళ వాళ్ళు లేచి చూసేవాళ్ళు. వాళ్ళలో కొందరు మా పద్ధతి పెట్టుకున్నారు, కొందరు ఎవరి బేసిన్ వాళ్ళే ఉంచుకున్నారు. ఎవరి టేబులు వాళ్ళిష్టం.

ఆ నెలలు తేలిగ్గా గడిచాయని చెప్పను. సగం రోజుల పనికి సగం కూలే వస్తుంది, దాన్ని ఏ పద్ధతీ మార్చలేదు. పని లేని రోజు కొందరం వేరుశనగ తవ్వడానికి పోయాం. నాయుడుపేట పిల్ల పుట్టింటి వైపు నాట్లకు పోయి, తనతో నన్నూ ఇంకొకామెనూ తీసుకుపోయింది. నాకు నడుము వంగక గట్టు మీదే నిలబడితే, "అక్కా, ముప్పావు వాటా!" అని మడిలోంచి అరిచింది. మా ఇంట్లో చీటీ కట్టడం ఆపుకున్నాం. కోడలు నా కోసం కొన్న రెండో కాపీ పుస్తకం ఒక వైపు అయిపోతే, పుస్తకం తిరగేసి వెనక నుంచి రాసుకున్నాను. కానీ పని ఉన్న రోజు పొద్దున వ్యాన్ ఆగే చోట పన్నెండు మందిమీ ఉండేవాళ్ళం. ఎక్కుతూ ఎవరు రాలేదో చూసుకోవడం అలవాటైపోయింది. రాని మనిషి లేదు.

మా రోడ్డులోనే ఇంకో కంపెనీ ఉంది. వాళ్ళు ముందు రేటు కోశారు, తర్వాత మనుషుల్ని కూడా తీసేశారు. ఎవర్నీ తప్పు పట్టడానికి చెప్పడం లేదు, వాళ్ళ పడవ మీద ఎవరెవరు కూర్చున్నారో నాకు తెలియదు. కానీ వేరే దేశాల వాళ్ళు రొయ్య అడగడం మొదలై, గేటు ముందు మళ్ళీ లారీలు వరస కట్టినప్పుడు, ఆ కంపెనీ ఆటోలు మా పల్లెల్లో మనుషుల కోసం తిరిగాయి. ఒక ఆటో నాయుడుపేట పిల్ల ఇంటి ముందు కూడా ఆగింది. మా రేటు కంటే కొంచెం ఎక్కువే చెప్పారట.

ఆ సంగతి వ్యాన్‌లో తనే చెప్పింది.

"మరి పోలేదేమే?" అన్నాను.

"పోదామనే అనుకున్నా. ఎక్కువిస్తాం అంటా ఉండారు గదా. 'మళ్ళా వ్యాపారం పడిపోతే ఏం చేస్తారన్నా?' అని అడిగినా. 'చూద్దాం' అన్నాడు." చెయ్యి కిటికీ బయటికి ఊపింది. "చూద్దామంట! ఆటో తిప్పుకోని పొమ్మన్నా."

ఆమె అలా చెప్పి నవ్వుతుంటే, ఐసు గది ముందు నేను కొంగు బిగించుకుని నిలబడిన సంగతి గుర్తొచ్చింది. పన్నెండు మందిమీ మిగులుతామని ఆయనకు చెప్పిన మాట నా ఒక్కదాని నోటితో చెప్పాను గాని, దాన్ని నిలబెట్టడం నా ఒక్కదాని చేతిలో లేదు. వీళ్ళు నిలబెట్టారు. నేను ఆ టేబులుకు లీడర్ని అని చెప్పుకోవడం ఆరోజు నుంచి నాకు ఇంకోలా వినిపిస్తుంది.

పని నిండుగా వచ్చాక టబ్బు తీసేసి, ఎవరి బేసిన్ వాళ్ళం పెట్టుకున్నాం. నాయుడుపేట పిల్ల ముందే అడిగింది, "కుప్ప పెద్దదైంది గదక్కా, ఇంగ నా కిలోలు నాకియ్యి" అని. న్యాయమే. అవ్వకు కుప్పలో కావలసినంత ఉంది, ఆమె నిదానంగా తన అద్దాల రొయ్య తను ఒలుచుకుంటోంది. టబ్బు మాత్రం టేబులు కిందే బోర్లించి ఉంచాం. ఎవరూ పైకెత్తి పెట్టలేదు, ఎవరూ అవతల పారేయనివ్వలేదు. కాళ్ళకు తగులుతూ ఉంటుంది.

మొదటి నిండు నెల జీతం చీటీ ఇచ్చినప్పుడు, ఇప్పుడు చదవడం వచ్చు కాబట్టి, వ్యాన్ ఎక్కాక నేనే అందరికీ పైకి చదివాను. కిలోలు, రేటు, లీడర్ని అని ఇచ్చేది, అన్నీ ఉన్నాయి. చివరి వరస దగ్గర ఆగాను. వ్యాన్ డబ్బు మళ్ళీ పట్టుకున్నారు.

"చూసినావా అక్కా!" నాయుడుపేట పిల్ల సీటులోంచి సగం లేచింది. "పని వచ్చీ రాగానే పడవ తన వాటా తీసేసుకునింది! ఒక్క నెలన్నా ఆగబళ్ళా?"

అవ్వ సంచి విప్పి, ఆకుకు సున్నం రాసి, వక్క పెట్టి మడిచింది.

"తీసుకోనీలేవే" అంది. "వేట పడింది గదా."

తర్వాత ఆకు బుగ్గన పెట్టుకుని, రోజూ అనే మాట అంది.